మెత్తచెయ్యీ పాలపళ్ళూ

ఆ వీధిలో ఏ మగవాణ్ణి ఆపి, గడ్డం ఎవరి దగ్గర గీయించుకుంటావని అడిగినా మెత్తచెయ్యి దగ్గరనే చెబుతాడు. అసలు పేరు ఏమిటంటే ఆయనే ఒక క్షణం ఆగి గుర్తు తెచ్చుకోవాలి. మూలమలుపులో మందుల దుకాణానికీ, తాళాలు బాగుచేసే బంకుకీ మధ్య ఇరుక్కున్నట్టుండే చిన్న సెలూన్ ఆయనది. రెండు కుర్చీలు, గోడ పొడవునా అద్దం, వచ్చినవాళ్ళు కూర్చోవటానికి ఒక బల్ల. వెనక ఒక తెర, తెర వెనక ఒక గది, వంటిల్లు. ఆయన సంసారమంతా ఆ తెర వెనకే గడిచింది.

చేతిలో ఏ మాయ ఉందో గానీ, బొటనవేలు గడ్డం కింద ఆనించి, మిగతా వేళ్ళు దవడ మీద పరిచి, తలను రవ్వంత వెనక్కి వాల్చాడంటే ఎంత మొండివాడైనా కళ్ళు మూసుకుని గొంతు అప్పగించాల్సిందే. కత్తెర చూస్తే గుక్కపట్టి ఏడ్చే పసివాళ్ళు కూడా ఆ చెయ్యి తగిలితే ఏడుపు మధ్యలో మరిచిపోయేవారు. "కత్తి పట్టుకున్నవాడికి గొంతివ్వటమంటే మాటలా? కన్నతల్లికి కూడా ఇవ్వరు" అనేవాడాయన. కాస్త గర్వంగానే అనేవాడు.

భార్య పోయాక ఆ మాట అనటం మానేశాడు. మాటలే తగ్గాయి. పని మాత్రం చేసేవాడు. గిరాకీ లేనప్పుడు రెండో కుర్చీలో కూర్చుని ఎదురుగా ఉన్న అద్దాన్ని కాక, పక్కనున్న గోడను చూస్తూ ఉండేవాడు. జుట్టు చెవుల మీదకు దిగింది, మెడ వెనక చొక్కా కాలరులోకి పోయింది. లోకం తలలన్నీ ఆయన కత్తిరించినా, ఆయన తల వెనక భాగం కత్తిరించింది ఎప్పుడూ భార్యే. చేతికి అందని చోటు కదా మరి. ఇప్పుడు ఇంకో సెలూన్‌కి వెళ్ళి తల వంచటానికి మనసొప్పలేదు.

"ఏమయ్యా, నీ తల చూస్తే మా తల నీకివ్వాలంటే భయమేస్తోంది" అని రోజూ వచ్చే బస్సు డ్రైవరు ఎగతాళి చేసేవాడు.

"మీ తలలో కత్తిరించటానికి ఏముంది గనక భయపడటానికి?" అని ఒకప్పుడైతే తిప్పికొట్టేవాడే. ఇప్పుడు నవ్వి ఊరుకునేవాడు.

ఇది చూడలేక ఆయన మరదలు, అంటే పోయినావిడ సొంత చెల్లెలు, ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి సరాసరి సెలూన్‌కి వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికే చోట పని చేస్తుంది. చేతిలో బట్టల సంచీ ఉంది. ఆ సంచీ కదులుతోంది.

"ఏమిటది?" అన్నాడాయన.

"ఏనుగు. కనపడటం లేదూ?"

సంచీలోంచి పిడికెడు తలకాయ ఒకటి బయటికొచ్చింది. తెల్లటి కుక్కపిల్ల. పొట్టి మూతి, కన్నీళ్ళు కారినట్టు కళ్ళ కింద గోధుమరంగు చారలు. వచ్చీరాగానే సన్నగా రాగం తీసింది.

"నాకెందుకు ఇది?"

"నీకని ఎవరన్నారు బావా? దానికే నువ్వు కావాలి. పొద్దస్తమానం ఆ గోడ చూస్తూ కూర్చుంటున్నావు. ఇదుంటే కనీసం కిందకి చూస్తావు, తొక్కుతానేమోనన్న భయానికి." కుక్కపిల్లను ఆయన ఒళ్ళో పడేసింది. "చూడు, ఎంత అమాయకపు మొహమో. నోట్లో వేలు పెడితే కొరకలేదు పాపం."

కొరకటం ఎంత బాగా తెలుసో తరవాత తెలిసింది.

ఎప్పుడు చూసినా ఏదో ఒకటి నసుగుతూ ఉండేది కాబట్టి మరదలే దానికి నసిగాడని పేరు పెట్టింది. ఆయన మాత్రం దాన్ని 'అది' అనే అనేవాడు. కానీ పాలలో రొట్టె నానబెట్టి పెట్టేవాడు. సాయంత్రాలు కింద రాలిన వెంట్రుకల కుప్పలో అది దొర్లితే బ్రష్షుతో దులిపేవాడు. తెర వెనక గదిలో మంచం పక్కన పాత తువ్వాలు మడిచి పరిచాడు. గోడను చూడటం తగ్గింది. మరదలు మాట నిజమే, తొక్కుతానేమోనని ఇప్పుడు అడుగు తీసి అడుగు వెయ్యాలన్నా కిందకి చూస్తున్నాడు.

టీకా వేయించటానికి పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆవిడ ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. తీసి, మళ్ళీ పెట్టి విన్నది. తరవాత పై పెదవి ఎత్తి పళ్ళు చూసింది.

"గుండెచప్పుడు పక్కనే ఇంకో చప్పుడు వినిపిస్తోందండీ. పుట్టుకతోనే గుండె కాస్త బలహీనం. జాగ్రత్తగా చూసుకుంటే చాలా ఏళ్ళు బతుకుతాడు, కంగారు పడకండి. నాకు గుండె కన్నా ఈ నోటితోనే భయం."

"నోటికేమైంది?"

"మూతి చిన్నది, పళ్ళు ఎక్కువ. కిక్కిరిసిన బస్సులో జనంలా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. తిన్నది వాటి మధ్య ఇరుక్కుంటుంది, పాచి గట్టిపడి రాయవుతుంది. వేరే కుక్కలకైతే మత్తిచ్చి శుభ్రం చేస్తాం. ఈ గుండెకు మత్తిస్తే లేస్తాడన్న హామీ నేనివ్వలేను. అలాగని వదిలేస్తే చిగుళ్ళు చెడిపోతాయి, ఆ చెడంతా రక్తంలో కలిసి మళ్ళీ ఆ గుండెకే చేరుతుంది. అందుకని రోజూ మీరే తోమాలి. ఇప్పుడున్నవి పాలపళ్ళు. ఇవి ఊడి అసలు పళ్ళు వచ్చేలోపల నోట్లో చెయ్యి పెట్టనివ్వటం అలవాటు చెయ్యండి. పెద్దయ్యాక నేర్చుకోడు."

వేలికి తొడుక్కునే మెత్తటి రబ్బరు బ్రష్షు ఒకటీ, కుక్కలకని చేసిన పేస్టు ఒకటీ ఇచ్చింది. మన పేస్టు పొరపాటున కూడా వాడొద్దంది. ముందు కింద కూర్చుని వేలిమీద పేస్టు నాకనివ్వండి, కొన్నాళ్ళు అదే చాలు, తరవాత పెదవి తాకండి, ఆ తరవాత ముందు పళ్ళు, వాడు విసుక్కోకముందే మీరే ఆపెయ్యండి అని ఏదేదో చెబుతోంది. ఆయన తలూపుతున్నాడు గానీ చెవులు అక్కడ లేవు. నోరు, దవడ, గడ్డం... తోమటం... ఇంతేనా? ఇంతకాలానికి దేవుడు తన చేతికి తగ్గ పని ఒకటి చూపించాడనుకున్నాడు.

"మొహాలతోనే బతికినవాణ్ణి డాక్టరమ్మా. ఈ పని నాకొదిలెయ్యండి."

దుకాణానికి వచ్చేదారిలో మొదటిసారి ఆ కుక్కపిల్లతో మాట్లాడాడు. "నీ అదృష్టం బాగుందిరా. వెతికి వెతికి ఎవరి దగ్గరికొచ్చావో తెలుసా?"

మర్నాడు పొద్దున ఆ పని ఎలా చేశాడో వింటే నవ్వొస్తుంది. నవ్వు పూర్తయ్యేలోగా ఆగిపోతుంది కూడా.

ఆయనకు తెలిసింది ఒక్కటే పద్ధతి. కుర్చీ చేతుల మీద పిల్లలకు వేసే చెక్క వేశాడు. దాని మీద నసిగాణ్ణి కూర్చోబెట్టాడు. తెల్లటి గుడ్డ దులిపి మెడ చుట్టూ కప్పి వెనక పిన్ను పెట్టాడు. పక్క కుర్చీలో నురగ పూయించుకుని కూర్చున్న బస్సు డ్రైవరు ఇంత పెద్దగా నవ్వాడు.

"ఏం బాబూ, కటింగా, షేవింగా? మీసం ఉంచమంటావా, తీసెయ్యమంటావా?"

"మీరు నురగ ఆరనివ్వకుండా కూర్చోండి, ఇదిగో వస్తున్నా" అన్నాడు మెత్తచెయ్యి. చాలా రోజుల తరవాత ఆయన గొంతులో ఆ హుషారు వినపడింది.

వేడినీళ్ళలో ముంచి పిండిన చిన్న తువ్వాలు మూతి మీద వేశాడు, గడ్డం మెత్తబడటానికి వేసినట్టే. కుక్కపిల్ల గింజుకుంది. కాళ్ళు గుడ్డ కింద ఉండిపోయాయి, ఎటూ పోలేదు. కొత్తగా వచ్చే పిల్లలు కూడా ఇలాగే గింజుకుంటారు కదా, చెయ్యి తగిలితే ఊరుకుంటుందనుకున్నాడు. వెనక నిలబడి, బొటనవేలు గడ్డం కింద ఆనించి, వేళ్ళు దవడ మీద పరిచి, తలను రవ్వంత వెనక్కి వాల్చాడు.

కుక్కపిల్ల అరిచిన అరుపుకు మందుల దుకాణం వాడు బయటికొచ్చాడు. సూదుల్లాంటి పాలపళ్ళు ఆయన బొటనవేల్లో దిగాయి. ఆయన వదల్లేదు. తను జడిసి వదిలితే కుర్చీలోని పిల్లలు మరింత జడుస్తారని, వదలకుండా పట్టుకుంటే కుదురుకుంటారని ఇన్నేళ్ళ పని నేర్పింది. "ఏం లేదు, ఏం లేదు, అయిపోయింది" అంటూ ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు.

అంతే. అరుపు ఆగిపోయింది. కుదురుకుందనే అనుకున్నాడు. అద్దంలో చూశాడు. నాలుక పక్కకు జారి ఉంది. గులాబి రంగు నాలుక నీలంగా ఉంది. తల చేతిలో తడిగుడ్డలా వాలిపోయింది.

"ఏయ్, దానికేదో అయింది! గుడ్డ తియ్యి, గుడ్డ తియ్యి!" అని డ్రైవరు నురగ మొహంతోనే లేచాడు.

పిన్ను రాలేదు. రోజుకు ఎన్నిసార్లు పెట్టి తీసే పిన్నో అది, ఆ క్షణంలో వేళ్ళకు దొరకలేదు. డ్రైవరే గుడ్డ లాగి పారేశాడు. ఆయన ఆ పిల్లను రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. రుద్దాలా, ఊపాలా, నీళ్ళు చల్లాలా, ఏమీ తోచలేదు. బొటనవేలి రక్తం తెల్లటి బొచ్చు మీద పడుతోంది. ఎవరి మొహం ఎక్కడ పట్టుకోవాలో తెలిసిన చేతులకు, పోతున్న ప్రాణాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

ఆయన చేసిందేమీ లేదు. దానంతట అదే ఒకసారి తుమ్మింది. కాళ్ళు కొట్టుకుంది. కళ్ళు తెరిచి ఆయన మొహం చూసి, చేతుల్లోంచి జారి కిందకు దూకి, బల్ల కిందకు దూరి, మూల గోడకు అతుక్కుపోయింది.

ఆ పూటే తీసుకువెళితే డాక్టరమ్మ ఆయన మీద కేకలేమీ వెయ్యలేదు. కేకలేస్తే బాగుండేదనిపించిందాయనకు. "వెనకనుంచి పట్టుకుని తల వెనక్కి వంచితే, వాళ్ళకది మెడ దొరికిపోయినట్టండీ. చంపుతున్నారనుకున్నాడు. భయానికి ఆ గుండె తట్టుకోలేదు. కింద కూర్చోమన్నాను కదా మీకు?"

"అన్నారు. వినలేదు." తప్పు చేసిన పిల్లవాడిలా రెండు చేతులూ ముందు పెట్టుకుని నిలబడ్డాడాయన. "ఇప్పుడేం చెయ్యమంటారు? తోమకపోతే?"

"చెప్పాను కదా, చెడు గుండెకు పోతుంది."

"తోమితే?"

"భయపెట్టకుండా తోమాలి."

"నన్ను చూస్తేనే భయపడుతోంది కదమ్మా అది."

"అయితే ఇంకా నెమ్మదిగా" అంది. అంతకన్నా ఆవిడ మాత్రం ఏం చెబుతుంది?

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదే ఆయన పరిస్థితి. తెల్లగుడ్డ దులిపిన చప్పుడు వినపడితే చాలు, నసిగాడు బల్ల కింద వణికేవాడు. ఆయన బతుకుతెరువే ఆ చప్పుడు. దులపకుండా మెల్లగా విప్పి కప్పటం మొదలుపెట్టాడు. పాత వెంట్రుకలు తమ మీద రాలుతున్నాయని వచ్చినవాళ్ళు సణిగేవారు. "కుక్క కోసం మనుషుల మీద బొచ్చు పోస్తావటయ్యా" అన్నాడొకాయన. ఆయన చెయ్యి చాపితే కుక్కపిల్ల తల పక్కకు తిప్పుకునేది. గిన్నె పెట్టి దూరంగా జరిగితేనే వచ్చి తినేది. మరదలు వస్తే మాత్రం ఎగిరి గంతేసి ఆవిడ చెంపలన్నీ నాకేది.

ఒక సెలవు రోజు ఆవిడ వచ్చినప్పుడు ఆయన అన్నాడు. "దీన్ని నువ్వు తీసుకుపో. నీ దగ్గరైతే నోరు తెరుస్తుంది."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావా? నేను ఉండేది ముగ్గురం కలిసి ఉండే గది. పిల్లినే రానివ్వరు, కుక్కను రానిస్తారా?" అని ఆవిడ వేలికి ఆ రబ్బరు తొడుగు పెట్టుకుంది. "ఇటు తే, నేను చూస్తాను. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా! రారా నసిగా, నీ నోరు బాగుచేద్దాం."

అది వచ్చింది. తోకాడించింది. తొడుగు మూతి దగ్గరకు రాగానే పళ్ళు బిగించింది. ఆవిడ బుజ్జగించింది, పాట పాడింది, కసిరింది. నోరు మాత్రం తెరవలేదు.

"నా దగ్గరా ఇంతే బావా. ముద్దులకైతే నోరు తెరుస్తాడు, మందుకైతే మూస్తాడు. మగబుద్ధి ఎక్కడికి పోతుంది!"

ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు. కుక్కపిల్ల పక్కకు తిప్పుకున్న మొహాన్నే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ, ఎన్నాళ్ళుగా లోపల పెట్టుకున్నాడో, ఒక మాట అన్నాడు.

"మీ అక్క కూడా ఇలాగే తిప్పుకుంది."

ఆవిడ వేలి తొడుగు తీసేసింది.

"చివర్లో చెంచాతో నీళ్ళు పోయబోతే... గడ్డం కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాను, పొలమారకుండా ఉంటుందని. మొహం అటు తిప్పేసుకుంది. మళ్ళీ ఇటు తిరగలేదు. నా మీద కోపమా? ఇన్నేళ్ళూ పరాయి మొహాలు పట్టుకుని బతికి, చివరికి తన దగ్గరికొచ్చానని కోపమా? నీకేమైనా చెప్పిందా?"

మరదలు కుక్కపిల్ల బొచ్చు సవరించింది.

"నాకేం చెప్పలేదు బావా. గొంతు దిగక తిప్పుకుందో, కోపమో, ఆ చివర మనుషులందరూ అలాగే తిప్పుకుంటారో... నేను రోజూ ఉతికేది పోయినవాళ్ళ దుప్పట్లే. ఎవరు ఎటు తిరిగి పోయారో అవేం చెప్పవు." తొడుగు బల్ల మీద పెట్టి మళ్ళీ అంది. "ఏమీ లేదులే బావా, నీ మీద కోపమెందుకుంటుంది అని అనొచ్చు నేను. అబద్ధం చెప్పినట్టుంటుంది. తెలియదు."

ఆయన తలూపాడు. లేచి స్టవ్ మీద టీకి నీళ్ళు పెట్టాడు. ఆ మాట మళ్ళీ వాళ్ళిద్దరి మధ్యా రాలేదు.

ఆ తరవాత ఆయన చెయ్యి చాపటం మానేశాడు. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక తలుపు సగం వేసి, కింద గచ్చు మీద గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మోకాళ్ళు సహకరించేవి కావు, అబ్బా అంటూ బల్ల పట్టుకుని దిగేవాడు. వేలి చివర పేస్టు రాసుకుని, ఆ చేతిని మోకాలి మీద పెట్టి, వీధివైపు చూస్తూ ఉండేవాడు. కుక్కపిల్ల వైపు చూడకూడదు. చూస్తే రాదు. కొన్నిసార్లు పేస్టు వేలి మీదే ఎండిపోయేది, గీకి కడుక్కుని లేచేవాడు.

ఒకరోజు చల్లటి ముక్కు వేలికి తగిలింది. తరవాత నాలుక. ఆయన ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నాకేసి వెళ్ళిపోయింది. అలా నాకి వెళ్ళటమే చాలా రోజులు నడిచింది. తరవాత వేలితో పెదవి తాకనిచ్చింది. తరవాత పెదవి కొంచెం ఎత్తనిచ్చింది. అప్పటికే పాలపళ్ళు ఊడటం మొదలైంది. ఊడుస్తుంటే వెంట్రుకల మధ్య బియ్యపు గింజంత పన్ను ఒకటి చీపురుకు తగిలింది. ఏరి చూసి మళ్ళీ చెత్తలోనే వేశాడు. ఏం దాచుకుంటాం? అది ఊడిందంటే అసలు పన్ను వస్తోందన్నమాట. డాక్టరమ్మ పెట్టిన గడువు తరిగిపోతోందన్నమాట.

ముందు పళ్ళు తోమనిచ్చింది. పైవి, కిందవి, బియ్యం పేర్చినట్టున్న చిన్నపళ్ళు. రబ్బరు తొడుగు వాటి మీద ఇటూ అటూ తిరిగేది. కోరపన్ను దాటి వేలు పెదవి మూల దగ్గరకు వెళ్ళిందంటే మాత్రం తల పక్కకు తిరిగిపోయేది. కొరకదు, అరవదు. ఊరికే తిప్పుకుంటుంది. వేలు తీసేస్తే మళ్ళీ ఇటు తిరుగుతుంది. అటు వెళితే మళ్ళీ తిప్పుకుంటుంది. పేస్టు ఎక్కువ రాసి చూశాడు. తొడుగు తీసి ఉత్త వేలితో చూశాడు. ఎడమ చేత్తో చూశాడు. బుజ్జగింపులు ఆయనకు చేతకావు గానీ అవీ చేసి చూశాడు. "వెనక్కి ఒక్కసారి రానివ్వరా. ఒక్కసారి. నీ మంచికేరా నాయనా."

అసలు పళ్ళన్నీ వచ్చాక డాక్టరమ్మకు చూపించాడు. ఆవిడ పెదవి ఎత్తి చూసి, "అరె, ముందు పళ్ళు అద్దంలా ఉన్నాయే" అంది. తరవాత చెంప పక్కకు లాగింది. నసిగాడు తల తిప్పేసుకున్నాడు. అప్పటికే ఆవిడ చూడాల్సింది చూసింది. "వెనక అప్పుడే పచ్చబడుతోందండీ. చిగురు కూడా ఎర్రగా ఉంది. అసలు ప్రమాదం వెనకపళ్ళతోనే."

"రానివ్వటం లేదమ్మా."

"తెలుసు. బలవంతం మాత్రం చెయ్యకండి, ఈ గుండెతో."

"మరి?"

"చేస్తూ ఉండండి. ఎప్పుడైనా రానివ్వొచ్చు."

"రానివ్వకపోతే?"

ఆవిడ గొట్టం మెడలో వేసుకుని, చేతులు కడుక్కోవటానికి అటు తిరిగింది.

సాయంత్రం మరదలు వచ్చి, వస్తూనే అడిగింది. "ఏమంది బావా డాక్టరమ్మ?"

"ముందు పళ్ళు అద్దంలా ఉన్నాయంది."

"చూశావా! నేను చెప్పలా, నీ చెయ్యి ఊరికే పోతుందా? మరి వెనకవి?"

ఆయన బల్ల పట్టుకుని గచ్చు మీదకు దిగాడు. వేలికి తొడుగు వేసుకుని పేస్టు రాసుకున్నాడు. పిలవకుండానే నసిగాడు వచ్చి ఎదురుగా కూర్చుని మొహం ఎత్తిపెట్టాడు.

"వీడు రానిచ్చిన కాడికి చేస్తాను" అన్నాడాయన. తోమటం మొదలుపెట్టాడు. పైవి, కిందవి. కోరపన్ను దాకా వెళ్ళాడు. తల పక్కకు తిరిగింది. వేలు తీసి మోకాలి మీద పెట్టుకుని, మళ్ళీ ఇటు తిరిగేదాకా కూర్చున్నాడు.